మధ్యాహ్నం ఫోటో చూసి బోరు వేయించొద్దు

కదిరి పక్క మన ఊరు,
ఆగస్టు 18

రేయ్ రఘూ,

నువ్వు పంపిన నాలుగు వాయిస్ మెసేజ్‌లూ విన్నాను. మొదటిదాంట్లో టెన్షన్, రెండోదాంట్లో లెక్కలు, మూడోదాంట్లో మీ నాయన మీద విసుగు, నాలుగోదాంట్లో "ఏమంటావ్‌రా, పర్సనల్ లోన్ తీసి కొత్త బోరు వేయిద్దామా" అని. నేనూ వాయిస్‌లోనే జవాబిస్తే సగంలో ఆపేసి మీటింగ్ ఉందంటావ్, అందుకే కూర్చుని రాస్తున్నా. పొడుగ్గా ఉంటుంది, టీ పెట్టుకుని చదువు.

బోరు వద్దు. ఆ మాట ముందే చెప్పేశాను కాబట్టి ఇంక నిదానంగా మాట్లాడుకుందాం. మామ, అదే మీ నాయన, పంపిన ముడుచుకున్న శెనక్కాయ చేను ఫోటో ఏ టైముకు తీసిందో చూశావా? మధ్యాహ్నం రెండుంబావు. ఇరవై నాలుగు రోజులుగా చినుకు లేదు, ఎర్రనేల, ఆ ఎండలో రెండుంబావుకు శెనక్కాయ ఆకు ముడుచుకోకుండా బార్లా తెరుచుకుని ఉంటే అప్పుడు భయపడేవాణ్ణి.

నిన్న కాలేజీ లేదు. నీకోసమని గొప్పగా చెప్పను గానీ, నాకే చూడాలనిపించి పొద్దున ఆరుంబావుకల్లా మీ చేను గట్టు మీదున్నా. ఆకులన్నీ విప్పుకుని ఉన్నాయిరా. ఒక్కో తొడిమకు రెండు జతలు, నాలుగు చిన్నాకులు, నాలుగూ వడ్డించిన విస్తరిలా పరుచుకుని ఉన్నాయి, ఒకదాని మీద రాత్రి మంచు బొట్టు కూడా ఇంకా ఉంది. పది దాటాక మెల్లగా అంచులు లేవడం మొదలైంది. పన్నెండుకు సగం లేచాయి. రెండింటికి జతకు జత ఎదురెదురుగా చేతులు జోడించినట్టు నిలబడిపోయాయి. ఆకు అడుగుభాగం కొంచెం పాలిపోయి ఉంటుంది కదా, అదంతా బయటికి కనపడి దూరంనుంచి చేను తెల్లబడినట్టే ఉంటుంది. మామ "చేను తెల్లబడిందిరా" అని నీకు ఫోన్ చేసింది దాన్ని చూసే. నేను వేపచెట్టు కింద రాయి మీద కూర్చుని మీ అమ్మ పంపిన జొన్నరొట్టె తిని, ఒక కునుకు తీసి లేచేసరికి అయిదున్నర. ఆకులు మళ్లీ విప్పుకుంటున్నాయి.

ఒక చిన్నాకును దగ్గరగా పెట్టుకుని చూడు ఈసారి వచ్చినప్పుడు. తొడిమకు అతుక్కునే చోట నువ్వుగింజకన్నా చిన్న ఉబ్బు ఉంటుంది. మడతబందు అదే. ఆ ఉబ్బులో ఒకవైపు కణాల్లోంచి పొటాషియం, దాని వెంట నీళ్లూ రెండోవైపుకు మారతాయి, ఒకవైపు బిగుస్తుంది, ఒకవైపు సడలుతుంది, ఆకు లేస్తుంది. వాడిపోయిన ఆకు ఇలా లేవదు, కిందికి వేలాడుతుంది, పట్టుకుంటే మెత్తగా ఉంటుంది. ఇది లేచిన ఆకు, పట్టుకుంటే బిర్రుగానే ఉంది. ఈ ఒక్క తేడా తెలిసుంటే నువ్వు ఆ నాలుగు మెసేజ్‌లూ పంపేవాడివి కాదు.

సరే, ఎందుకు లేస్తుంది? నువ్వూ నేనూ ఇంటర్లో చదివింది "నీళ్లు ఆవిరైపోకుండా" అని. అది అబద్ధం కాదు గానీ, నాకు ఇన్నేళ్లు పాఠం చెప్పాక అర్థమైంది ఏమిటంటే బెట్టలో, అంటే వాన లేని ఎండు రోజుల్లో, ఆకును చంపేది నీళ్లు లేకపోవడం ఒక్కటే కాదు, వాడుకోలేనంత వెలుతురు నెత్తిన పడుతూ ఉండడం. దీన్ని నీకు మీ డ్రిప్‌తోనే చెప్తాను.

మోటారు ఆడుతోంది అనుకో. గేటు వాల్వులన్నీ కట్టేశావు. స్టార్టర్ ఆపలేవు, ఎందుకంటే ఆ స్టార్టర్ నీ చేతిలో లేదు, సూర్యుడి దగ్గరుంది. ఏమవుతుంది? ఎక్కడో ఒకచోట పైపు పగలాలి. ఆకు పరిస్థితి అచ్చం అదే. వేర్లకు పదును, అంటే నేలలోని తేమ, అందడంలేదన్న కబురు చేరేసరికి ఆకులో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. అది పత్రరంధ్రాల పక్కనున్న రక్షక కణాలను గాలి తీసిన సైకిల్ ట్యూబులా చేసేస్తుంది, రంధ్రం మూసుకుపోతుంది. అలా మూసుకోకపోతే కుదరదు, ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువు లోపలికి రావాలంటే కొన్ని వందల నీటి అణువులు బయటికి పోతాయి, ఇరవై నాలుగు రోజులు వాన లేనప్పుడు ఆ బేరం ఎవడు చేస్తాడు? కాని తలుపు మూసుకున్నాక లోపల కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, చక్కెర తయారీ పడిపోతుంది, పైనుంచి మాత్రం వెలుతురు ఆగదు. నీళ్లు పుష్కలంగా ఉన్న రోజు కూడా శెనక్కాయ లాంటి ఆకు నడినెత్తి ఎండలో పడే వెలుతురులో సగానికి మించి వాడుకోలేదు. బెట్టలో ఇంకెంత వాడుకుంటుందో ఆలోచించు.

వాడుకోని వెలుతురు ఊరికే ఉండదు. పత్రహరితం దాన్ని పట్టుకుని ఎవరికో ఒకరికి అందించాలి. చక్కెర పనిలో చోటు లేకపోతే ఆ ఎలక్ట్రాన్లు పక్కనున్న ఆక్సిజన్‌కు అంటుకుంటాయి, సూపరాక్సైడ్ పుడుతుంది, దాన్నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్. పుండు కడిగితే బుసబుసమని పొంగే మందు ఉంది చూడు, అదే. అది ఆకు కణంలో తయారవుతోందంటే పరిస్థితి నీకే తెలుస్తుంది. దాన్ని చల్లార్చడానికి ఆకు, పత్రహరితం ఉండే చిన్న సంచుల్లో, అంటే హరితరేణువుల్లో, సి విటమిన్‌ను బాగానే దాచిపెట్టుకుంటుంది. మునగాకులో సి విటమిన్ ఉందని మీ ఆవిడ పొడి చేసి డబ్బాలో పెడుతుంది కదా, మునగచెట్టు అది మనకోసమని చేసుకోలేదని ఒకసారి చెప్పు. తిట్టు పడితే నాకు సంబంధం లేదు.

ఇంతదాకా రానీయకుండా ముందు జాగ్రత్తలు చాలా ఉన్నాయి. మొదటిది నువ్వు ఫోటోలో చూసిందే: పక్కకు తిరగడం. ఎండకు ఎదురుగా చాపలా పరుచుకోకుండా, కిరణాలకు సమాంతరంగా నిలబడితే పడే వెలుతురే తగ్గిపోతుంది, వేడీ తగ్గుతుంది. పొద్దునా సాయంత్రం ఎండ మెత్తబడినప్పుడు విప్పుకుని పని చేసుకుంటుంది. మన ఊళ్లో కూలికి వెళ్లేవాళ్లు ఆరింటికి దిగి పదకొండుకు గట్టెక్కే లెక్క. నాకు బాగా నచ్చేదేంటంటే లోపల కణంలో కూడా ఇదే జరుగుతుంది: ఎండ ఎక్కువైతే హరితరేణువులు పైగోడ దగ్గరనుంచి జరిగి పక్కగోడల వెంబడి ఒకదాని నీడలో ఒకటి నక్కుతాయి. బస్టాండులో నీడ పట్టున జనం వరసగా నిలబడినట్టు.

నేను దీన్ని ఒకసారి చెడగొట్టి చూశాను, రెండేళ్ల కింద, మా చేనులోనే. ముడుచుకోకుండా కొన్ని ఆకులను సన్నటి పుల్లకు ఆనించి సెల్లోఫేన్ టేపుతో చదునుగా అంటించా. మా నాయన గట్టుమీద నిలబడి "చదివిస్తే ఇదా చేసేది" అన్నాడు. మూడో రోజుకు టేపు వేసిన ఆకుల అంచులు ఇస్త్రీ కాలినట్టు గోధుమరంగుకు వచ్చాయి, పక్కనే అదే మొక్కకు స్వేచ్ఛగా మడుచుకున్న ఆకులకు ఏమీ కాలేదు. టేపు కింద వేడి వల్ల కూడా కాలి ఉండొచ్చు, నాది పెద్ద ప్రయోగమేమీ కాదు. అసలైన ప్రయోగం 1984లో బ్యోర్క్‌మన్, లడ్లో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చేశారు, సిరాట్రో అనే చిక్కుడు జాతి పశుగ్రాసపు తీగ మీద. నీళ్లు లేని మొక్కల ఆకులను కదలనీయకుండా పడుకోబెడితే, వెలుతురును పట్టే యంత్రాంగమే దెబ్బతింది. కదలనిచ్చిన ఆకులు తప్పించుకున్నాయి.

పక్కకు తిరిగినా కొంత వెలుతురు పడుతూనే ఉంటుంది. దానికి రెండో ఏర్పాటు, నా లెక్కలో ఇదే అన్నిటికన్నా అందమైనది. ఆకులో పచ్చదనం వెనక పసుపు రంగులు కూడా ఉంటాయి, జాంథోఫిల్స్ అంటారు, ఆకు పండితే బయటపడే పసుపు. వాటిలో వయోలాజాంథిన్ అని ఒకటుంది. వెలుతురు మోతాదు మించితే హరితరేణువు లోపలి పొరల మధ్య ఆమ్లం పెరుగుతుంది, ఆ పులుపు తగలగానే ఒక ఎంజైమ్ మేలుకుని ఈ వయోలాజాంథిన్‌ను నిమిషాల్లో జియాజాంథిన్‌గా మార్చేస్తుంది. మొక్కజొన్న గింజకు పసుపునిచ్చేవాటిలో ఇదొకటి, మన కంటి లోపల రెటీనా మధ్యలో కూడా ఇది ఉంటుంది. అది చేరాక పత్రహరితం తను పట్టుకున్న వెలుతురును పనికి పంపకుండా వట్టి వేడిగా వదిలేస్తుంది. డ్రిప్ హెడ్ దగ్గర బైపాస్ వాల్వు తిప్పితే ఎక్కువ నీళ్లు మళ్లీ తొట్టిలోకే పోతాయే, అలాగ. నువ్వు మధ్యాహ్నం ఆకు చూస్తే మామూలు పచ్చగానే ఉంటుంది, లోపల మాత్రం పట్టిన వెలుతురులో చాలా భాగాన్ని కావాలనే పారబోస్తోంది.

ఈ బైపాస్‌తో ఒక చిక్కుంది, సాఫ్ట్‌వేర్ వాడివి కాబట్టి నీకు నచ్చుతుంది. తెరుచుకోవడం చకచకా, మూసుకోవడం మాత్రం నింపాదిగా. మబ్బు పట్టి వెలుతురు తగ్గిపోయినా ఆకు ఇంకా కొన్ని నిమిషాలు భయంతోనే పారబోస్తూ ఉంటుంది. ఆ నష్టాన్ని తగ్గిద్దామని అమెరికాలో ఇల్లినాయ్ వాళ్లు పొగాకు మొక్కల్లో మూడు జన్యువులను పెంచి ఈ వాల్వు త్వరగా మూసుకునేలా చేశారు, 2016లో ప్రకటించారు, పొలంలో మొక్క బరువు సుమారు 15 శాతం పెరిగింది. పొగాకులో పెరిగింది కదా అని మన మెట్ట శెనక్కాయలో అలాగే అవుతుందని నేను నమ్మను. ఇరవై నాలుగు రోజులు మబ్బే లేని చోట కాస్త అతిజాగ్రత్త ఉన్న ఆకే మంచిదని నా ఉద్దేశం.

ఇంకో బైపాస్ మనం దండగ అని పరీక్షల్లో రాసింది, కాంతిశ్వాసక్రియ. రూబిస్కో అనే ఎంజైమ్ కార్బన్ డయాక్సైడ్‌కు బదులు ఆక్సిజన్‌ను పట్టుకోవడం, చేసిన పని కొంత వెనక్కి పోవడం. మామూలు రోజుల్లో నిజంగానే నష్టం. తలుపులు మూసుకున్న రోజు మాత్రం అది ఎలక్ట్రాన్లకు ఒక పని కల్పిస్తుంది, పైగా లోపలే కాస్త కార్బన్ డయాక్సైడ్‌ను మళ్లీ విడుదల చేస్తుంది. పని లేని రోజు ట్రాక్టరు ఆపలేక ఊరికే చుట్టూ తిప్పుతున్నట్టు ఉంటుంది, కాని ఇంజను కాలిపోదు.

ఇవన్నీ దాటి కూడా దెబ్బ తగిలితే? ఫ్యూజు ఉంది. నీటిని చీల్చే యంత్రం మధ్యలో డి-1 అనే ప్రోటీను ఉంటుంది, ముందుగా చెడిపోయేది అదే. చెడిపోయినదాన్ని కోసి పారేసి కొత్తది తయారుచేసి బిగిస్తూనే ఉంటుంది ఆకు, ఎండ తీవ్రంగా ఉంటే గంట గంటకూ. మా ఇంటి వెనక స్టార్టర్ డబ్బాలో మా నాయన ఫ్యూజు వైరు చుట్ట ఎప్పుడూ పెట్టుకుంటాడు చూడు, అలాగే. రిపేరు ఆలస్యమై చెడిపోవడం ఎక్కువైన రోజునే ఆకు పాలిపోవడం, అంచులు కాలడం మన కంటికి కనపడేది.

మీ చేనులో వేసిన కంది సాళ్లు కూడా చూశా, అవి హాయిగా ఉన్నాయి, వేరు లోతుకు పోయింది. కిష్టప్ప వాళ్ల జొన్న మాత్రం మధ్యాహ్నానికి గొట్టంలా చుట్టుకుపోయింది. జొన్నది వేరే పద్ధతి: ఆకు పైపొరలో పెద్ద పెద్ద బుడగల్లాంటి కణాలు వరసలుగా ఉంటాయి, వాటిలో నీళ్లు తగ్గగానే ఆకు లోపలికి చుట్టుకుంటుంది. జొన్న దంటును బొటనవేలితో రుద్దు, తెల్లటి పొడి అంటుకుంటుంది, అది మైనం, ఎండను వెనక్కి కొట్టడానికి, ఆవిరి పోనీకుండా పట్టడానికి. పైగా జొన్న, సజ్జ, మొక్కజొన్న కార్బన్ డయాక్సైడ్‌ను ముందు ఒక గదిలో పట్టి ఇంకో గదిలో కుక్కి ఇచ్చే రకం, రంధ్రాలు సగం మూసినా పని నడుస్తుంది. మాటలో మాట, బెట్టకొచ్చిన లేత జొన్న దగ్గరికి మీ ఆవుల్ని పోనీవద్దని మామకు చెప్పు, నాము కొడుతుంది, అంటే విషం ఎక్కుతుంది. ఆయనకు తెలియదని కాదు, కొత్తగా పెట్టిన ఆ కుర్రాడికి తెలియకపోవచ్చు.

ఇక్కడ నీకు ఒక పాత సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మీ అవ్వ పెరట్లో రణపాల మొక్క ఉండేది గుర్తుందా, ఆకు పుస్తకంలో పెడితే అంచుల్లో పిలకలు వచ్చేవి? బెంజమిన్ హేన్ అని ఒక జర్మన్ ఆయన, ఈస్టిండియా కుంపినీ వాళ్ల దగ్గర వృక్షశాస్త్రజ్ఞుడు, సామర్లకోటలో వాళ్ల తోటను కూడా చూసుకున్నాడు. ఆయన ఈ రణపాల ఆకును పొద్దున నమిలితే చింతచిగురంత పుల్లగా ఉందట, మధ్యాహ్నానికి రుచే లేదట, సాయంత్రానికి కొంచెం చేదు. అదే సంగతిని 1813లో లండన్‌కు ఉత్తరం రాశాడు. చింతచిగురు పోలిక నాది, ఆయనకు తెలిసిన పుల్లకూర వేరే. చూడు, నోటితో చేసిన ప్రయోగం, అదీ ఉత్తరంలో. ఆ పులుపు మాలిక్ ఆమ్లం. రణపాల, కలబంద, బ్రహ్మజెముడు, ఇప్పుడు అందరూ వేస్తున్న డ్రాగన్ ఫ్రూట్, ఇవన్నీ చల్లటి రాత్రిపూట రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్లంగా దాచుకుని, పగలు తలుపులేసుకుని దాన్ని వెలుతురుతో వాడుకుంటాయి. మరీ కరువొస్తే రాత్రి కూడా తలుపు తీయవు, తమ శ్వాసలో వచ్చే గాలినే లోపల తిప్పుకుంటూ బతుకుతాయి. పెరగవు, కాని వెలుతురుకు కాలిపోవు. నేను మొన్న పిల్లలతో రణపాల నమిలించా. పొద్దున ఎనిమిదికి పెట్టాను, అందరి ముఖాలూ ముడుచుకున్నాయి. సాయంత్రం నాలుగుకు ఒక్కడూ మళ్లీ నోట్లో పెట్టుకోనన్నాడు, చివరికి నేనే నమిలాను. హేన్ చెప్పింది నిజం.

ఇంక నీ చేను. పంటకు ముప్పై మూడు రోజులు, ఇప్పుడే పూత మొదలు. ఈ వయసులో కొంచెం బెట్ట శెనక్కాయకు చేటు కాదు, తర్వాత వాన పడితే పూతంతా ఒక్కసారిగా వస్తుంది, కాయ ఒకేసారి ముదురుతుంది. మామ వేసింది కదిరి లేపాక్షి, బెట్టకు ఓర్చుకుంటుందని పేరున్నదే. శెనక్కాయ ఆకులో అడుగుపొర దగ్గర నీళ్లు దాచుకునే పెద్ద కణాల వరస కూడా ఒకటుంది, అదీ కొంత ఆదుకుంటుంది. అసలు భయం పూతనుంచి ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే రోజుల్లో, అంటే ఇంకో పది రోజులకు మొదలు. అప్పటికీ వాన రాకపోతే ఉన్న బోరుతోనే రాత్రిపూట ఒక రక్షక తడి ఇద్దాం, రెండెకరాలకు సరిపోతుంది. మిగతా ఎకరన్నర సంగతి చూసుకుందాం. ఊడలు దిగకముందే ఒకసారి గుంటక తోలించమను, పైమట్టి దుమ్ముగా ఉంటే అడుగున ఉన్న కాస్త పదును నిలుస్తుంది, కలుపూ పోతుంది.

నువ్వు చివర్లో అడిగిన ఆ "ఆకు విప్పే టానిక్" కొనొద్దు. నాలుగేళ్ల కింద ఒక దుకాణం వాడు ఇదే మాట చెప్పి నాకు పద్దెనిమిది వందలకు ఒక సీసా అంటగట్టాడు. వృక్షశాస్త్రం చెప్పే మేష్టర్ని, నేనే కొన్నా, ఎందుకంటే మా నాయన ముఖం చూడలేకపోయాను. సాయంత్రం నాలుగుకు చల్లమన్నాడు. చల్లాం. అయిదున్నరకు ఆకులు విప్పుకున్నాయి! మా అమ్మ దండం పెట్టింది. చల్లని మూల కూడా అయిదున్నరకే విప్పుకుందని నేను చూసింది మరుసటి రోజు.

కాబట్టి మామకు ఒకటే మాట చెప్పు: ఫోటో మధ్యాహ్నం కాదు, పొద్దున ఎండ ఎక్కకముందు ఆరింటికి తీయమను. ఆ టైముకు ఆకు విప్పుకుని ఉంటే చేను రాత్రి తేరుకుంటోందని అర్థం, నువ్వు ఆఫీసు పని చూసుకో. తెల్లారేసరికి కూడా ఆకు వేలాడుతూ, ముట్టుకుంటే మెత్తగా ఉంటే ఆ రోజే నాకు ఫోన్ చెయ్, అర్ధరాత్రయినా సరే మోటారు నేనే వేస్తా.

మా నాయనకు మోకాలు నొప్పి తగ్గింది. వినాయక చవితికి వస్తానన్నావ్, వస్తే మా పిల్లలకు ఆ పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి తీసుకురా, శెనక్కాయ తొడిమ దగ్గరి ఉబ్బు చూపించాలి. డబ్బులిస్తాలే.

నీ,
శీనుగాడు